ఏటీసీ కంప్యూటర్ ఆగిపోతే పైనున్న విమానాల సంగతేంటి?

వెన్నెలబాట (ప్రశ్న)

పోయిన వారం మా నాన్నగారిని తీసుకుని విమానం ఎక్కాను. ఆయనకి 76 ఏళ్ళు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇదే మొదటి ప్రయాణం, అసలు విమానం ఎక్కడమే మొదటిసారి. తలుపులు వేశారు, బెల్టులు పెట్టుకోమన్నారు, జాగ్రత్తలన్నీ చెప్పేశారు. ఇక కదులుతుందనుకుంటే కదల్లేదు. పావుగంట తర్వాత పైలట్ మైకులో మాట్లాడాడు. ఏటీసీలో, అంటే విమానాల రాకపోకలు చూసే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో, కంప్యూటర్ సమస్య వచ్చిందట, మన ఫ్లైట్ ప్లాన్ (ఏ దారిలో, ఎప్పుడు వెళ్తామన్న వివరాలు) వాళ్ళకి చేరలేదట. ఒక్కో విమానం వివరాలూ చేత్తో ఎక్కిస్తున్నారు, మన ముందు చాలా విమానాలున్నాయి, ఎంతసేపవుతుందో చెప్పలేను అన్నాడు.

మొత్తం 3 గంటల 40 నిమిషాలు అలాగే కూర్చున్నాం. నాన్నగారి కాలు వాచింది. మాత్రలు చెక్-ఇన్ బ్యాగులో ఉండిపోయాయి. ముందు సీట్లో పసిపాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. ఏసీ కాసేపు ఉంటుంది, కాసేపు ఉండదు.

నాన్నగారు రైల్వేలో స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుని, "మనం కింద ఉన్నాం కాబట్టి ఫర్వాలేదు. పైన తిరుగుతున్నవాళ్ళకి లైన్ క్లియర్ ఎవరిస్తున్నారమ్మా?" అని అడిగారు. లైన్ క్లియర్ అంటే ముందు దారి ఖాళీగా ఉంది, రావచ్చని ఇచ్చే అనుమతి. పైన అదెవరిస్తారో నాకు తెలియలేదు. ఏదో ఏర్పాటు ఉంటుందిలే నాన్నా అన్నాను. ఆయనకి ఆ జవాబు చాల్లేదు. ఇంటికొచ్చాక కూడా రెండుసార్లు అడిగారు.

ఏటీసీలో పనిచేసినవాళ్ళు, ఆ వ్యవస్థ గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. కంప్యూటర్ ఆగినప్పుడు గాల్లో ఉన్నవాళ్ళ పరిస్థితి ఏమిటి? ఒక్క మెషీన్ పాడైతే వందల విమానాలు ఎందుకు ఆగిపోతాయి? ఆయనకి అర్థమయ్యేలా నేను చెప్పగలగాలి.


గోరువంక

మీ నాన్నగారికి వచ్చిన అనుమానమే నాకూ ఉందండీ. 2025 ఏప్రిల్ 28న అమెరికాలో న్యూవార్క్ విమానాశ్రయం రాకపోకలు చూసే ఫిలడెల్ఫియా కేంద్రంలో రాడార్, రేడియో రెండూ సుమారు 90 సెకన్లు పోయాయి. రెండు వారాలు తిరక్కుండానే మే 9 తెల్లవారుజామున రాడార్ మళ్ళీ పోయింది. అక్కడ డేటా వచ్చే లైన్లలో కొన్ని ఇంకా పాతకాలం రాగి తీగలేనట. ఫ్లాపీ డిస్కులూ, విమానాల వివరాలు రాసుకునే పేపర్ స్ట్రిప్పులూ ఇక ఉండవని ఆ దేశపు విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తాత్కాలిక అధిపతి 2025 జూన్‌లో చట్టసభ కమిటీకి చెప్పారు. అంటే అప్పటిదాకా ఉన్నాయనే కదా. ఇవన్నీ చదివాక విమానం దిగడం మొదలుపెడితే చాలు, నాకు టెన్షన్.

నేను ఆ రంగం మనిషిని కాను. తెలిసినవాళ్ళు చెబితే నేనూ చదువుతాను.


రెండోషిఫ్టు

అమ్మా, నేను 31 ఏళ్ళు ఏటీసీలో చేశాను. మొదట ఫ్లైట్ డేటా అసిస్టెంట్‌ని, తర్వాత ఏరియా కంట్రోలర్‌ని. మీ నాన్నగారి ప్రశ్న చదవగానే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అడగాల్సిన మనిషే అడిగారు.

ఆయనకి ముందు ఈ మాట చెప్పండి. పైనున్నవాళ్ళకి లైన్ క్లియర్ ఇస్తున్నది మనిషే. మామూలు రోజుల్లోనూ మనిషే ఇస్తాడు. కంప్యూటర్ పని ఆ మనిషికి వివరాలు అందించడం వరకే. ఎక్కు, దిగు, కుడికి తిరుగు అని రేడియోలో చెప్పేదీ, పైలట్ తిరిగి చెప్పింది సరిగ్గా ఉందో లేదో వినేదీ కంట్రోలరే.

"ఏటీసీ సిస్టమ్ డౌన్" అని పైలట్ ఒక్క ముక్కలో అంటాడు గానీ అది ఒక్క మెషీన్ కాదు. రాడార్ వేరు. రేడియో వేరు. పక్క సెక్టార్‌తో, అంటే ఆకాశంలో పక్క భాగాన్ని చూసే కంట్రోలర్లతో మాట్లాడుకునే ఫోన్ లైన్లు వేరు. ఫ్లైట్ ప్లాన్లు దాచి, సమయానికి మా ముందు పెట్టే కంప్యూటర్ వేరు. ఆ ప్లాన్లను ఊళ్ళనుంచి, దేశాలనుంచి మోసుకొచ్చే మెసేజ్ స్విచ్ వేరు. మీ పైలట్ చెప్పినదాన్నిబట్టి ఆ రోజు పోయింది ఈ చివరి రెండింటిలో ఏదో ఒకటి. అంటే రాడార్ తెర మీద విమానాలు కనిపిస్తూనే ఉన్నాయి, రేడియోలో మాటా వినిపిస్తూనే ఉంది. పైనున్నవాళ్ళ వివరాలు అప్పటికే కంట్రోలర్ దగ్గరున్నాయి. కొత్తగా ఎగరాల్సినవాళ్ళ వివరాలే లేవు. అందుకే మిమ్మల్ని కింద ఉంచారు. వివరాలు తెలియని విమానాన్ని పైకి రమ్మనకూడదు.

మరి 3 గంటల 40 నిమిషాలు ఎందుకంటారా? నేను చూసింది చెప్తాను.

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఓ రాత్రి షిఫ్టులో ఫ్లైట్ డేటా కంప్యూటర్ ఆగిపోయింది. గోడవారగా ఉన్న స్ట్రిప్ ప్రింటర్ మామూలుగా నిమిషానికోసారి టకటకమని కొడుతుండేది. ఆ చప్పుడు ఆగిపోయింది. హాల్లో అందరం ఒకేసారి తలెత్తాం. సూపర్‌వైజర్ ఒక్క మాటే అన్నారు, "ఖాళీ స్ట్రిప్పులు తీయండి."

స్ట్రిప్ అంటే జానెడు పొడవు, వేలెడు వెడల్పు కాగితం ముక్క. ప్లాస్టిక్ పట్టీలో దూర్చి మా ముందున్న బోర్డు మీద వరసగా పెడతాం. ఒక్కో విమానానికి ఒక్కో స్ట్రిప్. ఎడమ చివర కాల్‌సైన్ (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు), దాని కింద విమానం రకం, తర్వాత నాలుగంకెల స్క్వాక్ కోడ్ (రాడార్ తెర మీద ఆ విమానాన్ని గుర్తుపట్టే అంకె). ఆ కోడ్‌లో ఎనిమిది, తొమ్మిది ఉండవు, సున్నా నుంచి ఏడు వరకే. తర్వాత ఏయే పాయింట్ ఎన్నింటికి దాటుతుంది, ఎంత ఎత్తులో ఉంది. ఎత్తు మారిస్తే పాత అంకె కొట్టేసి పక్కన కొత్తది రాస్తాం, చెరిపెయ్యం. కొట్టేసిన అంకె కూడా కనబడాలి.

ఆ రాత్రి నేను పక్క సెంటర్‌కి ఫోన్ చెయ్యడం, వాళ్ళు చెప్పింది స్ట్రిప్ మీద రాయడం, రాసింది తిరిగి చదివి వినిపించడం, కంట్రోలర్ పక్కన పెట్టడం. ఒక్కో విమానానికి అర నిమిషం పైనే పట్టేది. కంప్యూటర్ ఉన్నప్పుడు ఆ అర నిమిషం మాకు తెలిసేదే కాదు. ఒక అంకె తప్పు విన్నా, తప్పు రాసినా ఏమవుతుందో తెలుసు కాబట్టి ఎవరూ తొందరపడలేదు, తొందరపెట్టలేదు కూడా. తెల్లారేసరికి నా చూపుడువేలు మీద పెన్ను పెట్టిన చోట గుంట పడింది.

మీ విమానం ఆగిన చోటా అలాగే జరిగి ఉంటుంది. మనుషులు ఎంత వేగంగా రాసి, చదివి, సరిచూసుకోగలరో అన్ని విమానాలనే వదిలారు. దాన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

2025 నవంబర్ 6న ఢిల్లీలో అచ్చం ఇదే జరిగింది. పోయింది ఏఎంఎస్ఎస్ అనే మెసేజ్ స్విచింగ్ సిస్టమ్. కంట్రోలర్లు ప్లాన్లన్నీ చేత్తో ఎక్కించారు, 800కి పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. ఆ మెసేజ్‌ల రూపం ఎంత పాతదో చూడండి. ఈ మెసేజ్‌లు మోసే పాత ఏఎఫ్‌టీఎన్ పద్ధతిలో ఒక వరసకి 69 అక్షరాలు, మెసేజ్‌లోని అసలు విషయం 1,800 అక్షరాలు దాటకూడదు. టెలీప్రింటర్ల కాలంలో పెట్టిన లెక్క అది. మెషీన్లు మారాయి, లెక్క మిగిలింది. ఫ్లైట్ ప్లాన్ మీద ముందు 'ఎఫ్ఎఫ్' అని ఉంటుంది, దాన్నిబట్టే ఏ మెసేజ్ ముందు పోవాలో స్విచ్ చూసుకుంటుంది. స్విచ్ పడుకుంటే ఆ వరస చూసుకోవాల్సింది మేమే.

ఇక గోరువంక గారు రాసిన న్యూవార్క్ సంగతి. అది దీనికంటే చాలా పెద్ద విషయం, మిమ్మల్ని ఊరడించడానికి చిన్నది చేసి చెప్పను. రాడార్ పోతే మాటతో నడపొచ్చు. అప్పుడు ఎడం పెంచుతాం. రాడార్ ఉంటే ఎన్‌రూట్‌లో, అంటే విమానాశ్రయాలకి దూరంగా నడిదారిలో, ఇద్దరి మధ్య 5 నాటికల్ మైళ్ళు చాలు. రాడార్ లేకపోతే ఒకే దారిలో ఒకే ఎత్తులో వెళ్ళేవాళ్ళ మధ్య మామూలుగా 10 నిమిషాలు ఉంచాలి, కొన్ని చోట్ల 15. జెట్ 10 నిమిషాల్లో 80 నాటికల్ మైళ్ళు వెళ్ళిపోతుంది. 5 మైళ్ళు చాలే చోట 80 మైళ్ళు ఖాళీ పెట్టాలంటే ఎన్ని విమానాలు కింద ఆగాలో మీ నాన్నగారు లెక్క వేసేస్తారు.

కానీ రాడార్‌తో పాటు రేడియో కూడా పోతే కంట్రోలర్ చెయ్యగలిగింది ఏమీ లేదు. 250 నాట్ల (గంటకి 250 నాటికల్ మైళ్ళ) వేగంతో దిగుతున్న విమానం 90 సెకన్లలో 6 నాటికల్ మైళ్ళు దాటేస్తుంది. దిగేచోట మేం మామూలుగా ఉంచే ఎడం 3. ఆ సమయంలో కాపాడేవి పైలట్ దగ్గర అప్పటికే ఉన్న అనుమతి, ఇంకో విమానం మరీ దగ్గరికొస్తే పైలట్‌కి చెప్పే టీకాస్ అనే హెచ్చరిక పరికరం, మాట తెగిపోతే ఏం చెయ్యాలో ముందే నేర్పిన పద్ధతి. అవి ఉన్నాయి కాబట్టే ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత అక్కడి కంట్రోలర్లలో కొందరు ఆ దెబ్బకి సెలవు పెట్టారు. వాళ్ళని పిరికివాళ్ళన్నట్టు మాట్లాడినవాళ్ళున్నారు. ఆ కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది. పిలుస్తుంటే జవాబు రాని ఆ సెకన్లు ఎలా ఉంటాయో నేను మాటల్లో చెప్పలేను.


లాగ్‌బుక్

రెండోషిఫ్టు గారికి నమస్కారం. మీరు రాసినంత వివరంగా ఎక్కడా చదవలేదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, ఏటీసీలో కాదు, కానీ పెద్ద సిస్టమ్స్ ఎందుకు పడిపోతాయన్నది నా రోజువారీ పని. ఒక్క విషయం కలుపుతాను. పాతబడటం వల్లే ఇవన్నీ జరుగుతున్నాయని అందరూ అనుకుంటే కొత్తవి కొని ఊరుకుంటారు. అది చాలదు.

2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడ ఫ్లైట్ ప్లాన్లను చదివి కంట్రోలర్లకి అందించే సాఫ్ట్‌వేర్ పాతదేం కాదు, 2018 నుంచి నడుస్తోంది. అప్పటికి కోటిన్నర ప్లాన్లు చూసింది. ఆ ఉదయం లాస్ ఏంజెలెస్ నుంచి పారిస్ వెళ్ళే విమానం ప్లాన్ ఒకటి వచ్చింది. ఆ ప్లాన్‌లో తప్పేమీ లేదు. కాకపోతే దారిలో 'డీవీఎల్' అనే మూడక్షరాల పేరు రెండు చోట్ల తగులుతుంది. ఒకటి అమెరికాలో డెవిల్స్ లేక్, ఇంకోటి ఫ్రాన్స్‌లో డోవిల్. రెండింటి మధ్య దాదాపు 4,000 నాటికల్ మైళ్ళు. విమానం బ్రిటన్ గగనతలం ఎక్కడ దాటి బయటికి వెళ్తుందో వెతుకుతూ సాఫ్ట్‌వేర్ రెండో దానికి బదులు మొదటిదాన్ని పట్టుకుంది. లెక్క కుదరలేదు. తప్పుడు వివరం కంట్రోలర్‌కి ఇవ్వడం కంటే ఆగిపోవడమే మేలని ఆగిపోయింది.

అంతవరకూ నాకు అభ్యంతరం లేదు. తర్వాత బ్యాకప్ లేచింది. అదే ప్లాన్ దానికీ వచ్చింది. అదే కోడ్ కాబట్టి అదీ ఆగిపోయింది. రెండూ పోవడానికి పట్టింది 20 సెకన్లలోపే. 7 లక్షలకు పైగా ప్రయాణికులు ఇబ్బందిపడ్డారు.

చేత్తో ఎక్కిస్తే గంటకి 60 ప్లాన్లకి మించి పోలేదట. మీరు చెప్పిన అర నిమిషం ఇప్పుడు నాకు బాగా అర్థమైంది. ముందే దాచిన ప్లాన్లు నాలుగు గంటలకి సరిపోయేవి ఉన్నాయి, ఆ నాలుగు గంటల్లో బాగుచేస్తే ఎవరికీ తెలిసేది కాదు. అది సెలవు రోజు. మొదట ఇంటినుంచే సరిచెయ్యాలని చూశారు. సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీకి కబురు వెళ్ళేసరికే నాలుగు గంటలు దాటింది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. కోడ్‌లో ఎవరూ ఊహించని సందు ఉండటం సహజం. తెలిసినవాడికి ఫోన్ చెయ్యడానికి నాలుగు గంటలు పట్టడం సహజం కాదు.

2014లో లాస్ ఏంజెలెస్ సెంటర్‌లో కూడా ఇలాంటిదే. ఏప్రిల్ 30న ఒక యూ-2 గూఢచారి విమానం ప్లాన్ చదవబోయి మెమరీ చాలక సిస్టమ్ పదేపదే రీస్టార్ట్ అయింది. అదీ అప్పటికి కొత్త సిస్టమే.

అదే ఏడాది డిసెంబర్ 12న బ్రిటన్‌లోని స్వానిక్ కేంద్రంలో జరిగింది మాత్రం నిజంగా పాత కోడే. సిస్టమ్ 193 వర్క్ పొజిషన్ల (కంట్రోలర్లు, సూపర్‌వైజర్లు కూర్చుని పనిచేసే చోట్ల) వరకూ పట్టాలి, కోడ్‌లో ఒక చోట మాత్రం హద్దు 151 అని ఉండిపోయింది. ఏళ్ళ తరబడి ఎవరూ 151 దాటలేదు కాబట్టి ఎవరికీ కనబడలేదు. దాటిన రోజు ఆగిపోయింది.


వెన్నెలబాట

ఇద్దరికీ చాలా థాంక్స్. నాన్నగారికి చదివి వినిపించాను. స్ట్రిప్ గురించి రాసిన భాగం రెండుసార్లు చదివించుకున్నారు. రెండోషిఫ్టు గారూ, ఇంకొక్క సందేహం. ఇదంతా తెలిసినప్పుడు ఎందుకు మార్చరు? డబ్బు లేకనా?


రెండోషిఫ్టు

లాగ్‌బుక్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. మా సెంటర్‌లో కూడా మెయిన్, బ్యాకప్ రెండూ ఒకే గదిలో, ఒకే కరెంటు లైను మీద ఉన్న రోజులు నేను చూశాను. 2023 జనవరి 1న ఫిలిప్పీన్స్‌లో మొత్తం గగనతలం మూసుకోవాల్సి వచ్చింది కూడా కరెంటు వల్లే. యూపీఎస్ పాడైంది, నేరుగా బయటి కరెంటుకి కలిపితే 220 ఉండాల్సిన చోట 380 వోల్టులు వచ్చి మిగతా పరికరాలు దెబ్బతిన్నాయి. రాడార్లు, కంప్యూటర్లు ఎంత గొప్పవైనా వాటి వెనకున్న కరెంటు సంగతి ఎవరికీ పట్టదు.

ఎందుకు మార్చరంటే, డబ్బు ఒక కారణం. దానికంటే పెద్ద కారణం ఏటీసీకి సెలవు లేకపోవడం. మీ నాన్నగారికైతే ఇలా చెప్పండి, రైళ్ళు నడుస్తుండగానే పట్టాలు మార్చాలి, ఒక్క రైలునీ ఆపకూడదు. కొత్త సిస్టమ్‌ని పాతదాని పక్కన పెట్టి నెలల తరబడి రెండూ నడపాలి. పాతది చూపించిందే కొత్తది చూపిస్తోందా అని రోజూ సరిచూడాలి. ఆ పని చెయ్యాల్సింది ఇప్పటికే మనుషులు చాలక ఓవర్‌టైమ్ చేస్తున్న కంట్రోలర్లు. అదయ్యాక ప్రతి కంట్రోలర్‌కీ మళ్ళీ ట్రైనింగ్. చేతికి పాత మీటలు అలవాటైపోయి ఉంటాయి. నాకు కొత్త సిస్టమ్ ఇచ్చాక రెండు నెలలు కలలో కూడా పాత బటన్లే నొక్కాను.

అమెరికావాళ్ళు 1980లలో మొత్తం ఒకేసారి మార్చేద్దామని ఏఏఎస్ అనే ప్రాజెక్ట్ పెట్టారు. ఏళ్ళు గడిచాయి, ఖర్చు పెరిగింది, కోరికల జాబితా పెరిగింది, చివరికి 1994లో దాన్ని ముక్కలు చేసి చాలా భాగం వదిలేశారు. ఆ దెబ్బ తర్వాత ఎవరికీ పెద్ద అడుగు వేసే ధైర్యం లేకపోయింది. అతుకులు వేసుకుంటూ వచ్చారు. 2024 సెప్టెంబర్‌లో వాళ్ళ ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ లెక్క బయటపెట్టింది. ఎఫ్ఏఏ దగ్గర 138 ఏటీసీ సిస్టమ్స్ ఉంటే 51 ఇక ఎంతోకాలం నడపలేనివి, ఇంకో 54 ఆ దారిలోనే ఉన్నాయి. 2025లో అక్కడి చట్టసభ 12.5 బిలియన్ డాలర్లు ఇచ్చింది. ఈసారైనా పూర్తి చెయ్యాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

పాతవాటితో నేను పడ్డ కష్టం విడిభాగాలది. ఒక కార్డు కాలిపోతే దాన్ని తయారుచేసిన కంపెనీయే ఉండదు. వేరే స్టేషన్‌లో పక్కన పడేసిన మెషీన్‌లోంచి పీకి తెచ్చుకునేవాళ్ళం. పారిస్ ఓర్లీ విమానాశ్రయంలో 2015 నవంబర్‌లో పొగమంచు పట్టిన రోజున రన్‌వే మీద చూపు ఎంత దూరం ఆనుతోందో పైలట్లకి చెప్పే సిస్టమ్ ఆగిపోయింది. అది విండోస్ 3.1 మీద నడిచేది. సరిగ్గా పొగమంచు రోజునే కావాల్సిన సిస్టమ్ అది. అలాంటివి బాగుచెయ్యడం తెలిసినవాళ్ళు ఏటా కొంతమంది రిటైరైపోతుంటారు. మా దగ్గర ఒక టెక్నీషియన్ ఉండేవారు. మెసేజ్ స్విచ్ గదిలోకి అడుగుపెట్టగానే ఫ్యాన్ చప్పుడు వినే ఏ రాక్ వేడెక్కుతోందో చెప్పేవారు. ఆయన రిటైరైన ఏడాదిలో ఆ స్విచ్ రెండుసార్లు ఆగింది. ఆయనకి తెలిసినదంతా రాయించి పెట్టుకుందామని మేం అడిగాం. ఆ పనికి ఎవరినీ కేటాయించలేదు. ఇప్పటికీ నాకు అది మింగుడుపడదు.

ఇంకోటి చెప్తాను. 2023 జనవరి 11న అమెరికా అంతటా విమానాలు ఎగరడం ఆపేశారు. పోయింది నోటామ్ సిస్టమ్, అంటే ఫలానా రన్‌వే మూసి ఉంది, ఫలానా లైట్లు వెలగడం లేదు అని పైలట్లకి చెప్పే నోటీసుల వ్యవస్థ. మెయిన్ డేటాబేస్‌కీ, బ్యాకప్‌కీ మధ్య తేడా వస్తే సరిచేస్తూ కాంట్రాక్ట్ మనుషులు పొరపాటున ఫైళ్ళు తీసేశారు. అందరూ ఆ మనుషుల్ని తిట్టారు. నేను తిట్టలేను. ఒక్క మనిషి ఒక్క ఫైలు తీసేస్తే దేశమంతా ఆగిపోయేలా ఉంచినవాళ్ళని అడగాలి. తమ సిస్టమ్స్ వెనకబడ్డాయని కంట్రోలర్లు ముందే ఉత్తరాలు రాస్తూనే ఉంటారు, మేమూ రాశాం. ఢిల్లీ ఘటనకి ముందు కూడా అక్కడి కంట్రోలర్ల సంఘం రాసింది. విమానాశ్రయంలో టెర్మినల్ కడితే అందరికీ కనిపిస్తుంది. స్విచ్ మారిస్తే ఎవరికీ కనిపించదు. స్విచ్ మార్చాలన్న ఫైలు ఆఫీసుల్లో కదలకపోవడానికి నా మటుకు నాకు కనబడిన కారణం ఇదే.


సామానుసంచి

మంచి చర్చ మధ్యలో చిన్న ఉపయోగపడే మాట. ఏటీసీ సమస్య వల్ల ఆలస్యమైతే చాలా దేశాల్లో నష్టపరిహారం రాదు, అది విమాన సంస్థ చేతిలో లేని కారణం కింద లెక్క. కానీ అంతటితో వాళ్ళ బాధ్యత తీరిపోదు. యూరప్‌లో ఈసీ 261 నిబంధన ప్రకారం పరిహారం లేకపోయినా ఎదురుచూసినంతసేపూ భోజనం, రాత్రి ఉండాల్సొస్తే బస ఇవ్వాలి. రద్దయితే డబ్బు వాపసో, వేరే విమానమో మీరే ఎంచుకోవచ్చు. అమెరికాలో విమానంలో కూర్చోబెట్టి రెండు గంటలు దాటకముందే నీళ్ళు, తినడానికి ఏదైనా ఇవ్వాలి. దేశం లోపలి ప్రయాణమైతే మూడు గంటలకి, బయటిదైతే నాలుగు గంటలకి దిగే అవకాశం ఇవ్వాలి, ఏటీసీయో పైలటో కుదరదంటే తప్ప. ఏ దేశమైనా అడిగితేనే చెప్తారు, కాబట్టి అడగండి. పెద్దవాళ్ళ మాత్రలు మాత్రం ఎప్పుడూ చేతిసంచిలోనే ఉంచండి, కనీసం రెండు రోజులకి సరిపడా.


వెన్నెలబాట

సామానుసంచి గారూ, మాత్రల సంగతి ఇక జన్మలో మర్చిపోను.

రెండోషిఫ్టు గారూ, నాన్నగారు మీకు చెప్పమన్న మాటలు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "మా దగ్గరా అంతేనండీ. బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్ (పక్క స్టేషన్‌తో లైన్ క్లియర్ ఇచ్చిపుచ్చుకునే యంత్రం) పాడైతే రైళ్ళు ఆగిపోవు. పక్క స్టేషన్‌కి ఫోన్ చేసి, లైన్ ఖాళీగా ఉందని రూఢి చేసుకుని, డ్రైవర్‌కి కాగితం మీద లైన్ క్లియర్ టికెట్ రాసిచ్చేవాళ్ళం. వర్షంలో గొడుగేసుకుని ఇంజన్ దాకా నడిచి ఇచ్చిన రోజులున్నాయి. ఆలస్యమైందని ప్రయాణికులు తిట్టేవారు. ఆవేళ నేను కూడా మనసులో మిమ్మల్ని తిట్టుకున్నాను, ఏమీ అనుకోకండి."

ఆయన ఇంకోటి కూడా అడగమన్నారు. స్టేషన్ మాస్టర్లు ఫోన్‌లో లైన్ క్లియర్ ఇచ్చుకునేటప్పుడు ప్రైవేట్ నంబర్ అని ఒకటి చెప్పుకునేవారట. అవతల మాట్లాడింది ఆ మనిషేననీ, ఆ మాట ఇచ్చాడనీ రుజువుగా ఇద్దరూ ఆ నంబర్ రాసుకునేవారట. మీకు అలాంటిది ఏమైనా ఉందా?


రెండోషిఫ్టు

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. తిట్టుకున్నందుకు ఏమీ అనుకోను, 3 గంటల 40 నిమిషాలు వాచిన కాలుతో కూర్చున్న మనిషి ఆయన.

ఉందండీ. మాకు నంబర్ కాదు, అక్షరాలు. ప్రతి కంట్రోలర్‌కీ రెండక్షరాల గుర్తు ఇస్తారు, ఒకే సెంటర్‌లో ఇద్దరికి ఒకటే ఉండదు. పక్క సెక్టార్‌కి ఫోన్‌లో విమానం అప్పగించాక చివర నా రెండక్షరాలు నేను చెప్తాను, వాళ్ళవి వాళ్ళు చెప్తారు. అప్పుడే ఆ మాట పూర్తయినట్టు. అది టేపులో ఉంటుంది. కంప్యూటర్ నడిచే రోజుల్లో అప్పగింత చాలావరకు బటన్‌తోనే అయిపోయేది, అక్షరాలు చెప్పే అవసరం తక్కువ. ప్రింటర్ ఆగిన ఆ రాత్రి మాత్రం తెల్లారేదాకా హాల్లో ఎటు విన్నా ఆ రెండక్షరాల జంటలే.

వాళ్ళ ప్రైవేట్ నంబర్లు ముందే అచ్చేసిన కాగితం మీంచి తీసుకునేవారా, లేక అప్పటికప్పుడు అనుకునేవారా? వాడిన నంబర్ మళ్ళీ రాకుండా ఏం చేసేవారో కూడా నాన్నగారిని అడిగి ఇక్కడ రాయండి.